రాళ్ళ వయసు చదివిన కమ్మరి కొడుకు - విలియం స్మిత్

మన ఊళ్ళల్లో బావి తవ్వటం అందరూ చూసిన సంగతే. పైన నల్లమట్టో ఎర్రమట్టో వస్తుంది. దాని కింద మొరం, ఇంకా కిందికి పోతే సుద్ద, ఆ తర్వాత బండ. తవ్వేవాళ్ళకు ఈ వరుస బాగా తెలుసు. పక్క చేలో ఎంత లోతున ఏమి పడిందో తెలిస్తే ఈ చేలో ఏమి పడుతుందో అంచనా కట్టేస్తారు. ఈ చిన్న అనుభవాన్నే పట్టుకుని ఒక దేశం మొత్తం నేల కింద ఏముందో నక్షా గీసినవాడు, ఏ పొర ముందుది, ఏ పొర వెనకటిది అని తేల్చే ఉపాయం లోకానికి చూపించినవాడు ఒకడున్నాడు. ఆయన పేరు విలియం స్మిత్. ఆయన కాలేజీ మెట్లు ఎక్కలేదు. గొప్ప ఇంట పుట్టలేదు. చేసిన పనికి గౌరవం దక్కటానికి ముందు జైలు దక్కింది. అటువంటి మనిషి కథ పెద్దలకూ పిల్లలకూ తెలియటం మంచిదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

విలియం స్మిత్ 1769 మార్చి 23న ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్ జిల్లాలోని చర్చిల్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి జాన్ స్మిత్ ఆ ఊరి కమ్మరి. పిల్లవాడికి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తండ్రి చనిపోయాడు. వ్యవసాయం చేసుకునే పెదతండ్రి దగ్గర పెరిగాడు. ఊరిబడిలో చదివిందే చదువు. మిగతాది తనంతట తాను పుస్తకాలు సంపాదించి నేర్చుకున్నాడు. లెక్కలన్నా గీతలన్నా చాలా ఇష్టం.

ఆ ఊరి పొలాల్లో ఒక వింత ఉండేది. దుక్కి దున్నితే గవ్వల్లాంటి, గుండ్రని బిళ్ళల్లాంటి రాళ్ళు బయటపడేవి. చిన్నవాటితో పిల్లలు గోళీలాడుకునేవాళ్ళు. పెద్దవి ఇంచుమించు ఒక పౌండు బరువు తూగేవి. అందుకని పాడి ఇళ్ళల్లో ఆడవాళ్ళు వెన్న తూచటానికి వాటినే తూకపు రాళ్ళుగా పెట్టుకునేవాళ్ళు. నిజానికి అవి ఒకప్పుడు సముద్రంలో బతికిన జీవుల గుల్లలు. జీవి చచ్చి అడుగున బురదలో పడుతుంది. మెత్తని భాగం కుళ్ళిపోతుంది. గుల్ల మీద మళ్ళీ బురద పడి, ఆ బరువుకు నొక్కుకుపోయి, లక్షల ఏళ్ళలో బురదా గుల్లా రెండూ రాయి అయిపోతాయి. వీటినే శిలాజాలంటారు. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న పొలంలో సముద్రపు గుల్లలు ఎట్లా వచ్చాయా అని పండితులు వాదించుకుంటున్న రోజులవి. మన విలియం మాత్రం వాటిని ఏరి దాచుకునేవాడు, అంతే.

1787లో ఎడ్వర్డ్ వెబ్ అనే సర్వేయర్ ఆ ఊరి భూములు కొలవటానికి వచ్చాడు. 18 ఏళ్ళ విలియం చురుకుదనం చూసి సహాయకుడిగా పెట్టుకున్నాడు. గొలుసు లాగటం, కొలతలు రాయటం, పటం గీయటం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. 1791లో ఒక ఎస్టేటు కొలిచే పని మీద సోమర్సెట్ ప్రాంతానికి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఆ ప్రాంతంలోనే ఏళ్ళ తరబడి ఉండిపోయాడు. ఎందుకంటే అక్కడ బొగ్గు గనులున్నాయి.

హై లిటిల్‌టన్ అనే ఊళ్ళో మియర్న్స్ గని అని ఒకటుండేది. స్మిత్ అందులోకి దిగి చూశాడు. ఇసుకరాయి, బంకమట్టి రాయి, బొగ్గు - ఇవి ఇష్టమొచ్చినట్టు కలిసిపోయి లేవు. ఒక వరుసలో ఉన్నాయి. ఇంకో గనిలో చూసినా అదే వరుస. ఈ పొర తర్వాత ఆ పొర వస్తుందని గని కూలీలకు చేతివేళ్ళ మీద లెక్క. చదువురాని ఆ కూలీలే స్మిత్‌కు మొదటి ఉస్తాదులని చెప్పుకోవాలి. వాళ్ళను అడిగి తెలుసుకోవటానికి ఆయన ఏనాడూ నామోషీ పడలేదు. అయితే ఈ వరుస ఒక్క బొగ్గు గనుల వరకేనా, లేక నేల మీదున్న అన్ని రాళ్ళకూ ఇట్లాంటి వరుస ఉందా? ఈ ప్రశ్న ఆయన మనసులో పడింది.

జవాబు వెతుక్కునే అవకాశం కూడా త్వరలోనే వచ్చింది. ఆ గనుల బొగ్గును పడవల్లో తరలించటానికి ఒక కాలువ తవ్వాలని అక్కడి యజమానులు సంకల్పించారు. 1793లో ఆ సోమర్సెట్ బొగ్గు కాలువ సర్వే స్మిత్‌కు అప్పజెప్పారు. 1794లో కమిటీవారితో కలిసి మిగతా కాలువలు చూడటానికి ఉత్తరాన న్యూకాసిల్ దాకా సుమారు 900 మైళ్ళు తిరిగి వచ్చాడు. దారి పొడవునా కొండల వాలు చూస్తూ, రాళ్ళు చూస్తూ పోయాడు. తర్వాత కాలువ తవ్వకం మొదలైంది. నేలను మైళ్ళ తరబడి కోస్తూ పోతుంటే లోపలి పొరలు వరుసగా కళ్ళ ముందుకొచ్చాయి. పొరలన్నీ తూర్పు వైపుకు కొంచెం వాలి ఉన్నాయి. వెన్న రాసిన రొట్టెముక్కలను ఒకదానిమీద ఒకటి ఏటవాలుగా పేర్చితే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాయని ఆయన పోల్చేవాడు.

ఇక్కడొక చిక్కు వచ్చిపడింది. కింది పొర పాతది, పై పొర కొత్తది అనే సూత్రం అంతకు ముందే తెలుసు. డెన్మార్క్ దేశస్తుడు నికొలాస్ స్టెనో 1669లోనే ఆ మాట రాసిపెట్టాడు. కాని ఒక ఊళ్ళో బూడిదరంగు బంకమట్టి పొర కనపడింది, పది మైళ్ళ అవతల ఇంకో ఊళ్ళో కూడా అట్లాంటి బంకమట్టే కనపడింది అనుకోండి. ఆ రెండూ ఒకే పొరా? లేక ఒకటి ఎంతో కింద ఉండవలసింది, మరొకటి ఎంతో పైన ఉండవలసింది, చూపుకు మాత్రమే ఒకటిగా ఉన్నాయా? రంగు చూసి చెప్పలేము, చేత్తో నలిపి చూసి చెప్పలేము. పైగా మధ్యలో నేలంతా గడ్డి, పంటలు కప్పేసి ఉంటాయి.

స్మిత్ దీనికి విరుగుడు శిలాజాల్లో కనిపెట్టాడు. చిన్నప్పుడు ఏరుకున్న ఆ గుల్ల రాళ్ళే ఇప్పుడు పనికొచ్చాయి. ఒక పొరలో ఉండే గుల్లల జట్టు మరో పొరలో ఉండదు. చూపుకు ఒకేలా ఉన్న రెండు బంకమట్టి పొరల్లో గుల్లలు వేరు వేరు. కాలువ ఇటు చివరన ఒక పొరలో ఏ జట్టు కనపడిందో, మైళ్ళ అవతల అదే పొరలో మళ్ళీ అదే జట్టు కనపడుతుంది. పైనుంచి కిందికి ఈ జట్ల వరుస ఎక్కడా తలకిందులు కాలేదు. 1796 జనవరిలో డంకర్టన్ గ్రామంలోని ఒక సత్రంలో కూర్చుని ఈ సంగతిని ఆయన కాగితం మీద పెట్టాడు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్ళు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. వాగులు కొట్టుకొచ్చిన గులకల్లో కూడా శిలాజాలు దొరుకుతాయి. అవి అరిగి నునుపుదేరి ఉంటాయి. అక్కడివీ ఇక్కడివీ కలిసిపోయి ఉంటాయి. వాటిని సాక్ష్యానికి తీసుకోకూడదు. పొరలోనే పుట్టి పొరలోనే ఉన్న గుల్ల అంచులు చెదరకుండా ఉంటుంది. దాని సాక్ష్యమే చెల్లుతుంది. సాక్షి ఎక్కడివాడో ముందు విచారించుకున్నాడన్నమాట.

1799లో కాలువ కంపెనీ ఆయనను ఉద్యోగంలోంచి తీసేసింది. అదే సంవత్సరం బాత్ నగరంలో ఇద్దరు పాద్రీల స్నేహం దొరికింది. ఒకరు బెంజమిన్ రిచర్డ్‌సన్, మరొకరు జోసెఫ్ టౌన్‌సెండ్. రిచర్డ్‌సన్ దగ్గర శిలాజాల సేకరణ చాలా ఉంది. స్మిత్ ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని ఇది ఫలానా పొరది, ఇది దాని కింది పొరది అని వరుసగా సర్దిపెడుతుంటే ఆయన ఆశ్చర్యపోయాడు. తన సొంత అల్మారాలో ఏళ్ళ తరబడి ఉన్న రాళ్ళకు ఒక వరుస ఉందని ఆ రోజే ఆయనకు తెలిసింది. టౌన్‌సెండ్ ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. స్మిత్ చెబుతుంటే రిచర్డ్‌సన్ రాశాడు. పైన సుద్దరాయి మొదలుకుని కింద బొగ్గు దాకా 23 పొరలు, ఏ పొరలో ఏ శిలాజాలో ఒక పట్టిక తయారయింది. ఆ పట్టిక నకళ్ళు చేతులు మారాయి. స్మిత్ దాన్ని అచ్చు వేయలేదు, దాచుకోనూ లేదు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చాడు. ఆ మంచితనం తర్వాత ఆయనకే నష్టం తెచ్చింది.

ఈ విద్య వల్ల లాభం ఏమిటని అడగవచ్చు. ఆ రోజుల్లో నల్లటి మట్టి కనపడితే చాలు, కింద బొగ్గుందని ఆశపడి భూస్వాములు వేల పౌండ్లు ఖర్చుపెట్టి గోతులు తవ్వించేవాళ్ళు. సోమర్సెట్‌లోనే బ్రూహామ్ అనే చోట అట్లాంటి తవ్వకం జరిగింది. ఆ మట్టిలోని శిలాజాలు బొగ్గు పొరకు చాలా పైన ఉండే పొరకు చెందినవి. అక్కడ బొగ్గు దొరకదని స్మిత్ విద్య ముందే చెప్పగలదు. శిలాజాలు చదవటం వచ్చినవాడికి ఆ డబ్బూ శ్రమా మిగులుతాయి.

ఇక అక్కడ్నుంచి ఆయన ఒకే ధ్యాస పెట్టుకున్నాడు. దేశమంతటికీ పొరల నక్షా గీయాలి. ఇందుకు సర్కారు సాయం లేదు. పొలాల్లో నిలిచిన నీరు తీసేయటం, కాలువలు మరమ్మతు చేయటం వంటి పనులు చేసి పొట్టపోసుకుంటూ, పని ఎక్కడ పిలిస్తే అక్కడికి గుర్రబ్బండ్ల మీద, కాలినడకన పోతూ, ఏటా వేల మైళ్ళు తిరిగాడు. పోయిన చోటల్లా రాళ్ళు చూసి రాసుకున్నాడు. ఇట్లా సుమారు 15 ఏళ్ళు గడిచాయి. చివరికి 1815లో జాన్ కేరీ అనే ప్రచురణకర్త ఆ పటాన్ని వెలువరించాడు. 15 కాగితాలు కలిపితే ఎనిమిది అడుగులకు పైగా ఎత్తు, ఆరడుగుల వెడల్పు. ఒక అంగుళానికి అయిదు మైళ్ళ లెక్క. ఒక్కో పొరకు ఒక్కో రంగు, అదీ చేత్తో వేసిందే. పొర అడుగు భాగం ఉన్న వైపు రంగు చిక్కగా, పైకి పోయేకొద్దీ పలుచగా ఉంటుంది. ఏ పొర దేని మీద ఉందో కంటితోనే తెలిసిపోతుంది. ఇంత పెద్ద దేశానికి ఇంత వివరంగా ఒక్క మనిషి గీసిన భూగర్భ పటం అంతకు ముందు లేదు. మరుసటి ఏడాది నుంచి శిలాజాల బొమ్మలతో పుస్తకం భాగాలు భాగాలుగా తెచ్చాడు. ఏ పొర శిలాజాల బొమ్మలను ఆ పొర రంగు కాగితం మీదే అచ్చువేయించాడు.

పేరు రావలసిన ఆ సమయంలోనే కష్టాలు చుట్టుముట్టాయి. 1807లో లండన్‌లో భూగర్భ శాస్త్ర సంఘం ఏర్పడింది. అందులో ఎక్కువమంది డబ్బూ తీరికా ఉన్న దొరలు. స్మిత్ చేతిపని చేసుకు బతికే మనిషి. ఆయనను అందులోకి పిలవలేదు. ఆ సంఘం మొదటి అధ్యక్షుడు జార్జి గ్రీనో 1808లో ఆయన ఇంటికి వచ్చి శిలాజాలన్నీ చూసిపోయాడు. తర్వాత ఆ సంఘమే మరో పటం తయారు చేయించి 1820లో విడుదల చేసింది. స్మిత్ శ్రమ ఫలితం అందులోకి చేరింది, పేరు మాత్రం చేరలేదు. దాని వెల కూడా తక్కువే. ఇట్లాంటి పోటీ వస్తున్నదంటే ఖరీదైన స్మిత్ పటాన్ని కొనేవాళ్ళు ఎవరుంటారు?

ఇంకో దెబ్బ రాతి వల్లే తగిలింది. బాత్ దగ్గర అప్పు చేసి కొన్న స్థలంలో రాతి గని వ్యాపారం పెట్టాడు. దేశంలోని రాళ్ళన్నీ చదివిన మనిషికి తన గనిలో రాయి నాసిరకంగా తేలింది. అప్పులు పెరిగాయి. ప్రాణంలా చూసుకున్న రెండువేలకు పైబడిన శిలాజాలను బ్రిటిష్ మ్యూజియానికి అమ్ముకున్నాడు. అదీ చాలలేదు. 1819 జూన్‌లో అప్పులవాళ్ళు ఆయనను లండన్‌లో కింగ్స్ బెంచ్ జైలులో వేయించారు. పదకొండు వారాలకు పైగా అక్కడున్నాడు. ఆగస్టు 31న బయటికి వచ్చేసరికి ఇల్లు జప్తయిపోయింది. భార్య మేరీ ఆన్‌కు మనోవ్యాధి. ఆమెనూ, తల్లిదండ్రులు లేని మేనల్లుడు జాన్ ఫిలిప్స్‌నూ వెంటబెట్టుకుని 50 ఏళ్ళ వయసులో లండన్ వదిలి ఉత్తరానికి వెళ్ళిపోయాడు.

చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆయన ఆగలేదు. యార్క్‌షైర్ ప్రాంతంలో సర్వేలు చేసుకుంటూ, ఊరూరా ఉపన్యాసాలిస్తూ గడిపాడు. స్కార్‌బరో పట్టణంలో 1829లో ఆయన సలహా ప్రకారం ఒక గుండ్రని మ్యూజియం కట్టారు. గోడల వెంట అరల్లో శిలాజాలను భూమిలో ఉన్న వరుసలోనే, పాతవి కింద, కొత్తవి పైన సర్దారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. మేనల్లుడికి తన విద్యంతా నేర్పాడు. ఆ అబ్బాయి తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పెద్ద ఆచార్యుడయ్యాడు. 1841లో శిలాజాలను ఆధారం చేసుకుని భూమి చరిత్రను పురాజీవ, మధ్యజీవ, నవ్యజీవ యుగాలని మూడుగా విభజించింది ఆయనే. ఈనాడు కాలేజీ పుస్తకాల్లో చదివేది ఆ విభజననే.

ఈలోగా సంఘంలో కొత్త తరం వచ్చింది. చేసిన అన్యాయం వాళ్ళకు తెలిసింది. 1831లో ఆ సంఘమే వొలాస్టన్ పతకం మొట్టమొదటిసారి ఇస్తూ దానికి స్మిత్‌ను ఎంచుకుంది. అధ్యక్షుడు ఆడం సెడ్జ్‌విక్ ఆయనను ఇంగ్లాండు భూగర్భ శాస్త్రానికి తండ్రి అని నిండు సభలో కొనియాడాడు. 1832లో సర్కారు ఏటా 100 పౌండ్ల పింఛను మంజూరు చేసింది. 1835లో డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ ఈ ఊరిబడి విద్యార్థికి డాక్టరు బిరుదు ఇచ్చింది. కాలిపోయిన పార్లమెంటు భవనం తిరిగి కట్టటానికి ఏ రాయి మంచిదో చెప్పే సంఘంలో కూడా ఆయనను వేశారు. 1839లో బర్మింగ్‌హామ్‌లో జరిగే శాస్త్రవేత్తల సభకు పోతూ దారిలో నార్తాంప్టన్‌లో జబ్బుపడి ఆగస్టు 28న కన్నుమూశాడు. అక్కడి సెయింట్ పీటర్ చర్చి ఆవరణలోనే సమాధి చేశారు.

ఇప్పుడు ఒక సందేహం తీర్చుకుందాం. తెలివిగల పిల్లలు అడిగే ప్రశ్నే ఇది. శిలాజాన్ని చూసి రాయి వయసు చెబుతారు, రాయిని చూసి శిలాజం వయసు చెబుతారు, ఇది దొంగ లెక్క కాదా? కాదు. స్మిత్ ముందు వయసులేవీ ఊహించుకోలేదు. కోసిన నేలలో ఏది కింద ఉంది, ఏది పైన ఉంది అని కళ్ళతో చూసి వరుస రాశాడు. ఒక చోట కాదు, వందల చోట్ల చూశాడు. వరుస ఖాయమైన తర్వాతే దాన్ని కొత్త చోట్లకు వాడాడు. ఆ జీవులు కాలంతోపాటు ఎందుకు మారాయి అనే జోలికి ఆయన పోలేదు. ఆ చర్చ డార్విన్ 1859లో పుస్తకం వేసిన తర్వాత ముదిరింది. వరుస మాత్రం అంతకు ముందే తేలిపోయింది.

శిలాజాలన్నీ ఈ పనికి ఒక్కలాగా ఉపయోగపడవు. ఎక్కువ కాలం మారకుండా బతికిన జీవి వల్ల లాభం తక్కువ. కొద్దికాలమే బతికి, సముద్రాలన్నిటా వ్యాపించి, బోలెడన్ని గుల్లలు వదిలిపోయిన జీవి అయితే బంగారం. పొట్టేలు కొమ్ములాగా చుట్టుకుని ఉండే ఆమొనైట్లు అట్లాంటివి. మన హిందూ సోదరులు పూజలో ఉంచుకునే, నేపాల్ గండకీ నది నుంచి వచ్చే సాలగ్రామాల్లో కనపడే చుట్టలు ఈ ఆమొనైట్లవే.

ఇక శిలాజాలు వరుస చెబుతాయి గాని సంవత్సరాలు చెప్పవు. ఇతను అన్న, అతను తమ్ముడు అని చెప్పటం వేరు, ఎవరికి ఎన్నేళ్ళు అని చెప్పటం వేరు. సంవత్సరాల లెక్క 20వ శతాబ్దంలో వచ్చింది. కొన్ని రాళ్ళల్లో ఉండే యురేనియం ఒక నిర్ణీత వేగంతో సీసంగా మారుతుంది. రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే ఆ రాయి గట్టిపడి ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది. 1911లో ఆర్థర్ హోమ్స్ అనే యువకుడు నార్వే రాయి ఒకదానికి ఇట్లా లెక్క కట్టి 37 కోట్ల సంవత్సరాలని చెప్పాడు. శిలాజాలున్న బురద రాళ్ళకు సాధారణంగా ఈ లెక్క నేరుగా కుదరదు. అందుకని ఆ పొరకు పైనా కిందా పడిన అగ్నిపర్వతపు బూడిద వయసు కట్టి, మధ్యనున్నదాన్ని తేలుస్తారు. ఇట్లా లెక్కించి చూస్తే స్మిత్ కింద పెట్టిన పొరలు నిజంగానే పాతవిగా, పైన పెట్టినవి కొత్తవిగా తేలాయి. బొగ్గు పొరలు 30 కోట్ల ఏళ్ళకు పైబడినవి. బాత్ చుట్టూ ఉన్న సున్నపురాయి 20 కోట్లకూ పద్నాలుగున్నర కోట్లకూ మధ్యనున్న జురాసిక్ కాలానిది. 1799 పట్టికలో అన్నిటికంటే పైన ఉన్న సుద్దరాయి ఆ తర్వాతి కాలానిది.

ఈ విద్య మన గడ్డ మీద కూడా పనిచేసింది. సింగరేణి బొగ్గూ సోమర్సెట్ బొగ్గూ చేతిలో పెట్టుకు చూస్తే రెండూ నల్లగానే ఉంటాయి. కాని సింగరేణి పొరల్లో గ్లాసాప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల ముద్రలుంటాయి. సోమర్సెట్‌లో అవి కనపడవు, వేరే చెట్లవి ఉంటాయి. ఆ ఆకులే మన బొగ్గు తర్వాతిదైన పెర్మియన్ కాలానిదని చెబుతాయి. ప్రాణహిత ఒడ్డున కోట దగ్గరి సున్నపురాయిలో చేపల శిలాజాలు దొరికితే, వాటిని ఐరోపా చేపలతో పోల్చి అవి జురాసిక్ కాలానివని 19వ శతాబ్దం మధ్యలోనే గుర్తుపట్టారు. ఆ రాళ్ళల్లోనే తర్వాత రాక్షసబల్లుల ఎముకలు బయటపడ్డాయి. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. పిల్లలను తీసుకుపోయి చూపించవచ్చు.

స్మిత్ పోయిన 26 ఏళ్ళకు, 1865లో, భూగర్భ శాస్త్ర సంఘం తన పటాన్ని మళ్ళీ అచ్చు వేసింది. ఈసారి అది విలియం స్మిత్ 1815లో గీసిన పటం ఆధారంగా తయారైందని దాని మీదే ఒప్పుకుంది. ఆయనను లోపలికి పిలవని ఆ సంఘం భవనంలోనే ఆయన పటం గోడకు తగిలించి ఉంది. పక్కనే గ్రీనో పటం కూడా ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళు రెండూ పక్కపక్కన చూసి, ఏది ముందుదో ఏది వెనకటిదో తామే తేల్చుకోవచ్చు.